ప్రభాకరరావు గారి ఉచిత స్కిన్ క్లినిక్

మామిడి సొన పడి చేతులు పొక్కడం అదృష్టమండీ! నవ్వకండి. ఈ సంగతి కనిపెట్టిన ఘనత నూజివీడులో మామిడి వ్యాపారం చేసే ప్రభాకరరావు గారిది. ఆయనకు శాస్త్రజ్ఞానం అబ్బిన వైనం చెబుతాను, వినండి.

మొన్న ఆయన శ్రీమతి హైమవతి గారు ముఖం నునుపు కోసం విజయవాడలో ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లారు. అక్కడ సన్నటి సూదులతో బుగ్గల నిండా పొడిచారు. డబ్బిచ్చి మరీ పొడిపించుకోవడమేంటని ఈయన బెంబేలెత్తిపోతే, డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది: "చిన్న గాయమైతేనే కదండీ గ్రోత్ ఫ్యాక్టర్లు బయటికొచ్చేది!"

గ్రోత్ ఫ్యాక్టర్లంటే ఒంట్లో కబుర్లు మోసే ప్రొటీన్లు. గాయం తగిలిన చోట బయల్దేరి, పక్కనున్న చర్మకణం తలుపు తడతాయి. ఆ కబురు లోపలున్న జీన్స్ దాకా వెళ్తుంది. ఊరికే పడుకున్న జీన్స్ కొన్ని లేస్తాయి. ఒక కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. గాయం పూడగానే ఇక చాలని మరో కబురు వస్తుంది, కణాలు బుద్ధిగా ఆగిపోతాయి. చాలు అనగానే ఆగడమా! వ్యాపారస్తుడైన ప్రభాకరరావు గారికి ఆ ఒక్క ముక్కే మింగుడుపడలేదు.

మిగతాదంతా చక్కగా తలకెక్కింది. మర్నాడు ఆయన మామిడికాయల షెడ్డులో చిన్న రసాలకు తొడిమలు విరుస్తున్న వెంకటలక్ష్మి ఆయన్ని ఆపింది. ముసునూరు నుంచి రోజూ పనికి వచ్చే మనిషి. తొడిమ విరిచినప్పుడల్లా చిమ్మే సొనకు ఆమె చేతులు కమిలి, తోలు ఊడి ఉన్నాయి.

"అన్నం కలుపుకుంటే మంటెత్తిపోతుందండీ. గ్లౌజులు ఇప్పించండి బాబుగారూ."

"గ్లౌజులా! పిచ్చిదానా, అమ్మగారు విజయవాడ దాకా వెళ్లి చేయించుకున్న వైద్యం నీకిక్కడ ఊరికే అందుతుంటే, అడ్డం పెట్టుకుంటావా?"

చూశారా, ఎంత దూరదృష్టి! విజయవాడలో సూది, ఇక్కడ సొన. అక్కడ ఏసీ గది, ఇక్కడ రేకుల షెడ్డు కింద ఆవిరి స్నానం అదనం! నన్నడిగితే చాట్రాయి నుంచి జి. కొండూరు దాకా ప్రతి తోటకూ బ్యూటీ పార్లర్ లైసెన్సు ఇచ్చెయ్యాలి. పనికి వచ్చే ఆడవాళ్ల దగ్గర ఎంట్రీ ఫీజు వసూలు చెయ్యకపోవడం ఆయన మంచితనం కాక మరేంటి?

వెంకటలక్ష్మికి మాత్రం ఈ ఉపకారం అర్థం కాలేదు. చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ అడిగింది.

"అమ్మగారికి ఎలా ఉందండీ?"

"మానేదాకా ఎండ తగలకూడదంట. సబ్బు కూడా పెట్టొద్దన్నారు. నేనైతే వంటింట్లోకే రానివ్వట్లేదు," అన్నారాయన, ఎంతో ప్రేమగా.

"మరి నేను రేపొక్కరోజు..."

"సీజన్‌లో సెలవేంటి!"

పాపం, ఆ చర్మకణాలకు సీజన్ సంగతి తెలియదు. రాత్రంతా కష్టపడి ఒకటికి రెండయ్యాయి. తెల్లారేసరికి వెంకటలక్ష్మి బొటనవేలి పక్కన పల్చగా, ఎర్రగా కొత్త చర్మం కమ్ముకుంది. నాకు వాటిని తలుచుకుంటే జాలేసింది, కొంచెం కోపమూ వచ్చింది. ఈలోగా షెడ్డు ముందు కాయల లారీ వచ్చి ఆగింది.

రాత్రి పుట్టిన చర్మం, పొద్దున్నే డ్యూటీలో చేరిపోయింది.