భిక్షపతి నొక్కిన లైకులు

ఆ ఆదివారం పొద్దున భిక్షపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. తన టెంట్ హౌస్ గోదాములోంచి గంజులనే పెద్ద వంటపాత్రలు, షామియానా ఆటోట్రాలీకి ఎక్కించి మన్సూరాబాద్‌లో రామారావుగారింట్లో దించడం. ఆయన కూతురు తన్మయికి ఆ రోజు నిశ్చితార్థం. మగపెళ్ళివారు విజయవాడ నుంచి బస్సు మాట్లాడుకుని వస్తున్నారు. "ఈ ఒక్క భోజనం మాట పడకుండా జరిపించావంటే మా కాలనీలో శుభకార్యాలన్నీ నీవేనయ్యా" అని రామారావు మాటిచ్చాడు. సామాను దించేసి భిక్షపతి ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పుకు పోవాలి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని, బళ్ళు కదలకుండా చేసే నిరసన అది. తెలంగాణ రావాలని అందరితో పాటు భిక్షపతికీ ఉంది.

గోదాము దగ్గరికి వెళ్ళేసరికి షట్టరు ముందు రెండు ట్రాలీలు ఆగి ఉన్నాయి. ఒక దాంట్లోంచి అల్మాస్‌గూడ మహిపాల్ దిగాడు.

"గంజులు ఎక్కియ్యి అన్నా, లేటైతుంది."

"ఏ గంజులు?"

"వంటా వార్పుకు ఇస్తనని ఒప్పుకున్నవి."

"నేనెప్పుడు ఒప్పుకున్ననే?"

మహిపాల్ ఫోన్ చూపించాడు. భిక్షపతి టెంట్ హౌస్ ఫేస్‌బుక్ పేజీలో 'అల్మాస్‌గూడకు పెద్ద గంజులన్నీ కావాలె, ఇస్తవా అన్నా' అని రాసి ఉంది. దాని కింద భిక్షపతి కొట్టిన లైకు ఉంది. కర్మన్‌ఘాట్ వాళ్ళు షామియానా అడిగారు. దానికీ లైకే.

ఈ పేజీని భిక్షపతి నెత్తికి చుట్టినవాడు దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోచింగ్ నడిపే వంశీకృష్ణ. "ఈ రోజుల్లో పేజీ లేకపోతే బేరాలు రావండీ. ఎవరేం రాసినా ఊరుకోకండి, కనీసం లైకన్నా కొట్టండి" అని ఉపదేశించి చక్కా పోయాడు. ఉపదేశానికేం, పందిరి గుంజలు పాతేది అతను కాదు కదా! అసలు ఒళ్ళు వంచి పనిచేసుకునేవాణ్ణి పట్టుకుని, పొద్దస్తమానం ఫోన్లో పలకరింపులకు బదులివ్వమనడమే దుర్మార్గం. భిక్షపతికి టైపు కొట్టడం రాదు. అందుకని నిచ్చెన మీద ఉన్నా, అన్నం తింటున్నా, వచ్చిన ప్రతి రాతకూ ఒక లైకు నొక్కి ఫోను జేబులో పడేసేవాడు.

"అది ఒప్పుకున్నట్టు గాదుర బై, చూసిన అన్నట్టు!" అని అరిచాడు.

"చూసి నచ్చితేనే గదనే లైకు కొడ్తరు?"

గొడవకు భార్య అండాలమ్మ ఇంట్లోంచి వచ్చింది. సంగతి విని మొగుడి మీద విరుచుకుపడింది. "ఎవడేమడిగినా నొక్కుడేనా? ఇయ్యనని ఫోన్ల చెప్పనీకి నోరు లేదా నీకు?"

"ఊరంత రాస్తున్నరే! నేను దుకాణం నడపాల్నా, గీళ్ళకు జవాబులియ్యాల్నా?"

"దుకాణమా? నడిచినట్టే ఉంది!"

భిక్షపతి షట్టరుకు అడ్డం నిలబడ్డాడు. "గివి రామారావు సారువి. ఇయ్య."

"ఆంధ్ర సెటిలర్ల దావత్‌కైతే ఇస్తడట, ఉద్యమానికి ఇయ్యడట!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"సెటిలరైతే ఆకలి గాదారా?" అంటూ భిక్షపతి ఆ గొంతు మీదికి ఉరికాడు. అతను ఉరకడంతో షట్టరు దగ్గర మహిపాల్ వాళ్ళకు దారి దొరికింది. పట్టుకుని తిట్టడానికి మనిషి దొరక్క వెనక్కి తిరిగేసరికి గోదాము ఖాళీ.

అప్పుడే రామారావు ఫోను. "గుండిగలేవయ్యా? వంటవాళ్ళు వంకాయలు తరుక్కుని కూర్చున్నారు!"

భిక్షపతి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతల రామారావు భగ్గుమన్నాడు. "నీ లైకులకి నా పరువు బలిపెట్టావా? ఉండు, చౌరస్తాకే వస్తున్నా!"

భిక్షపతి పళ్ళు కొరుక్కుంటూ చౌరస్తాకు బండి ఉరికించాడు. రోడ్డుకు అడ్డంగా అతని షామియానా. దాని కింద అతని గంజులన్నీ పొయ్యిల మీద కుతకుతలాడుతున్నాయి. కోపంలో దగ్గరున్న గంజు అంచు పట్టుకుని చెయ్యి కాల్చుకున్నాడు.

"రెండన్న ఇయ్యుర్రి! అవతల నా ఇజ్జత్ పోతుంది!"

"ఉడికే అన్నం తీస్కపోయి ఏడ బోస్తవే?" అని మహిపాల్ అడిగాడు. ఆ మాటకు భిక్షపతికి ఇంకా ఒళ్ళు మండింది.

ఇంతలో ఆగిపోయిన బస్సుల సందుల్లోంచి రామారావు స్కూటరు మీద ఊగిపోతూ వచ్చాడు. దిగీ దిగకుండానే భిక్షపతి చొక్కా పట్టుకున్నాడు. "ఏవయ్యా, నా కూతురి నిశ్చితార్థం రోజున..."

"బావగారూ!"

చొక్కా వదిలి రామారావు వెనక్కి తిరిగాడు. షామియానా కింద బంతిలో, విస్తరి ముందు, కాబోయే వియ్యంకుడు వెంకట్రావు కూర్చుని ఉన్నాడు. ఆయన వెంట బస్సులో వచ్చినవాళ్ళందరూ తింటున్నారు. బస్సు కదలదని తేలాక, ఆకలితో ఉన్నారని ఉద్యమంవాళ్ళే దింపి కూర్చోబెట్టారు.

"ఏం ముందుచూపండీ మీది! రోడ్డు మూసేస్తారని గ్రహించి మాకు ఇక్కడే బంతి వేయించారా! ప్రతి గిన్నె మీదా మీరు చెప్పిన భిక్షపతి టెంట్ హౌస్ పేరే ఉందని మా ఆవిడ కనిపెట్టింది. నినాదాలు కాస్త ఎక్కువయ్యాయి గానీ, ఈ పచ్చిపులుసుందే... జన్మలో ఇలాంటిది తాగలేదు!"

రామారావు చటుక్కున ఒక గరిటె అందుకుని వియ్యపురాలికి అన్నం వడ్డించాడు.

"పెళ్ళికి కూడా ఈ వంటవాళ్ళే, ఈ టెంట్ హౌసే. మరో మాట లేదు" అని వెంకట్రావు తేల్చేశాడు.

రామారావు గరిటె పట్టుకునే భిక్షపతిని పక్కకు లాక్కెళ్ళాడు. "విన్నావుగా, ఇక ఏడువు. పెళ్ళి బేరం కూడా నీదే" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"నేను చెయ్య" అన్నాడు భిక్షపతి, అరచెయ్యి ఊదుకుంటూ. "చొక్కా పట్టుకుంటివి గద! వేరేటోళ్ళను జూస్కో."

"మా కాలనీ మొత్తం నీకేనని చెప్పాను కదయ్యా! కావాలంటే దండం పెడతాను, ఈ గరిటె కాస్త పట్టుకో."

దండం దాకా రానివ్వకుండా భిక్షపతి ఒప్పుకున్నాడు, మండిపడుతూనే. పెళ్ళికి మంచి ముహూర్తాలు పంతులుగారు చూశారు. వాటిలో బంద్ లేని రోజు వెతికే పని భిక్షపతి మీద పడింది.