మాహ్‌షహర్‌లో ఆరిన మంట

ఆ ఉదయం సల్తనత్ అనుకున్న పని ఒకటే. పక్కింటి ఖావర్‌తో కలిసి మేడ మీద తివాచీ ఉతకాలి. మేడెక్కి, అలవాటు కొద్దీ ఫ్యాక్టరీ వైపు చూసింది. ఎత్తు గొట్టం కొసన ముప్ఫై ఏళ్ళుగా రాత్రీపగలూ మండే మంట లేదు.

సూర్యుడు రాకపోయినా మాహ్‌షహర్‌లో జనం అంత కంగారుపడరు. మూడేళ్ళ కిందట అవతలి ఫ్యాక్టరీ మంట ఆరింది. వారం తిరక్కుండా పనివాళ్ళందరినీ ఎక్కడో దూరాన ఉన్న అసలూయే ఊరికి మార్చేశారు. సల్తనత్ కొడుకు ఇస్ఫందియార్ ఉన్నది ఈ ఫ్యాక్టరీలోనే, రబ్బరుకు ముడిసరుకయ్యే గ్యాసును శుద్ధి చేసే చోట. ఫోను చేస్తే ఎత్తలేదు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారని ఆమెకు తెలుసు. అయినా ఆవేళ అది అపశకునంలాగే తోచింది.

"వదినా, మనకిక రుణం తీరింది" అంది గోడ మీంచి.

"ఎవరు పోయారు?" అంది ఖావర్.

"ఎవరూ పోలేదు. మేమే పోతున్నాం."

ఖావర్ గొట్టం కొస చూసి, చాదరు చెంగుతో కళ్ళొత్తుకుంది. ఇరాన్-ఇరాక్ యుద్ధంలో సొంతూరు ఆబాదాన్ వదిలి ఒకే లారీలో వచ్చారు ఇద్దరూ. అప్పటి నుంచీ మధ్యలో ఒక్క గోడే.

గంటలో సల్తనత్ గిన్నెలు మూటగట్టింది. మూటకు రానివి పంచిపెట్టింది: బీరువా రొట్టెల కొట్టావిడకి, కుట్టుమిషను ఎదురింటికి. పుచ్చుకున్నవాళ్ళు కారణం నలుగురికీ చెప్పకుండా ఊరుకోరుగా. మధ్యాహ్నానికి ఇంకో నాలుగిళ్ళవాళ్ళు అటక మీంచి పెట్టెలు దించారు. ఆ పెట్టెలు చూసి సల్తనత్, "అయితే నిజమేనన్నమాట" అనుకుంది.

మూడింటికి ఇస్ఫందియార్ వచ్చేసరికి ఇంట్లో కూర్చోడానికి మూటలే మిగిలాయి.

"ఏ ఊరు మారుస్తున్నార్రా?"

"ఎవర్నమ్మా?"

"మంట ఆరిపోయిందిగా."

"మంట పెద్దదైతే భయపడాలి గానీ ఆరితే దేనికి? ఇన్నాళ్ళూ ఊరికే తగలేసిన గ్యాసుని ఇవాళ్టి నుంచి పట్టి వెనక్కి పంపుతున్నాం. అదే టైరవుతుంది, నీ ప్లాస్టిక్ బిందె అవుతుంది. ఇంకో ఇరవై ఏళ్ళు మా పనికి ఢోకా లేదు."

సల్తనత్ గోడ దగ్గరికి పరిగెత్తింది. "వదినా, మేం పోవట్లేదు."

ఖావర్ ముఖం పాలిపోయింది. "ముందే చెప్పొచ్చుగా తల్లీ. నువ్వు లేకపోతే ఇక్కడ నాకేం పని? ఇల్లు మేనల్లుడికిచ్చేసి, షిరాజ్‌లో చెల్లెలి దగ్గరికి వస్తానని ఫోను చేశాను. వాడు మంచంతో సహా దిగిపోయాడు. వాడి కొత్త పెళ్ళికూతురు గడప దాటి లోపలికొచ్చింది. ఇప్పుడెలా పొమ్మంటాను?"

అనకూడదు. అది ఇద్దరికీ తెలుసు. షిరాజ్ బస్సు ఐదింటికి. వెళ్ళేవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని బస్సుల వెనక నీళ్ళు చల్లీ చల్లీ సల్తనత్ చేతులు అలిసిపోయాయి. అందులో సగం మంది రానే లేదు.

"షిరాజూ లేదు, గిరాజూ లేదు. నా ఇంట్లో ఉండు" అంది.

ఖావర్ పెట్టె పట్టుకుని వచ్చేసింది. ఏసీ ఎంత చల్లగా పెట్టాలన్న మాట వచ్చేదాకా ఇద్దరూ ఎంతో సంతోషంగా ఉన్నారు. ఆ మాట ఐదున్నరకు వచ్చింది.