ఓల్దా గొడుగు కేసు

2016 మార్చి 14, సోమవారం ఉదయం, ఇంటి నుంచి తెచ్చుకున్న దబ్బకాయ ఊరగాయతో పెరుగన్నం తిని, అనకాపల్లికి చెందిన రిటైర్డ్ సివిల్ జడ్జి మళ్ల కోదండపాణి గారు, కోర్టులో కేసు పెండింగ్‌లో ఉన్న మనిషి చావడానికి వీల్లేని దొర్మానియా దేశంలో న్యాయ సంస్కరణల సలహాదారుగా చేరారు.

అందులో వింతేమీ లేదు. తీర్పు చదివేటప్పుడు కక్షిదారులిద్దరూ హాజరు కావాలని అక్కడి పాత చట్టం. హాజరు కావాలంటే బతికి ఉండాలి. ఆ దేశంలో మృత్యువు చట్టాన్ని గౌరవిస్తుంది. ‘పెండింగ్ కేసు లేదు’ అని కోర్టు ధ్రువపత్రం ఇస్తే తప్ప ఎవరి జోలికీ వెళ్లదు. అందుకని యాభై దాటిన వాళ్లంతా ఎవరో ఒకరితో కేసు పెట్టుకుంటారు. తండ్రి అరవయ్యో పుట్టినరోజుకు పిల్లలు కొత్త చొక్కాతో పాటు దావా నోటీసు కూడా ఇస్తారు. తగువు పెట్టుకోవడానికి ఎవరూ లేనివాళ్లు మాత్రం మామూలుగా పోతుంటారు.

న్యాయ సంస్కరణలకు వచ్చిన విదేశీ మిషన్‌కు ఇదంతా తెలుసు. మిషన్ అధిపతి హెల్గా గారి గోడ మీద ఒక గ్రాఫు ఉంది. అందులో పెండింగ్ కేసుల గీత చూరు దాకా పోయింది. దాన్ని డిసెంబరులోగా దించాలి. పెండింగ్ కేసుల్లో బాగా అనుభవమున్న దేశం ఏదని వెతికి, కోదండపాణి గారిని పిలిపించారు.

ఆయన సత్వర న్యాయాన్ని నిజంగా నమ్మిన మనిషి. సర్వీసులో ఉండగా ముసలి కక్షిదారులు కనబడితే వాళ్ల కేసు ముందు పిలిపించేవారు. భార్య పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఒక్కరూ కూర్చునే బదులు ఎక్కడైనా పనికొస్తే చాలనుకుని వచ్చారు. దుబాసీగా యానిక్ అనే స్థానికుణ్ణి ఇచ్చారు. అతను విశాఖపట్నంలో ఐదేళ్లు లా చదివినవాడు.

ఏప్రిల్‌లో ఆయన సలహా మీద లోక్ అదాలత్ పెట్టారు. అంత దూరం నుంచి వచ్చి అడిగినప్పుడు కాదంటే బాగుండదని జనం వచ్చారు. భోజనాల వేళకు మూడు వందల నలభై కేసులు రాజీ అయ్యాయి. చేతులు కలుపుకుని ఫొటోలు దిగారు. సాయంత్రంలోగా, క్రమసంఖ్య ప్రకారం, నలభై ఒక్కమంది చనిపోయారు. చివరి ముసలాయన టీ తాగుతుంటే, కప్పు ఖాళీ అయ్యేదాకా గుమాస్తా ధ్రువపత్రం మీద ముద్ర వెయ్యకుండా ఆగాడు. అలా ఆగాలని నియమం లేదు.

‘‘చావులు ఏ గడిలో రాయాలి?’’ అని మరుసటి ఉదయం కోదండపాణి గారు హెల్గా గారిని అడిగారు.

‘‘మన నమూనాలో ఆ గడి లేదు. గీత చూడండి, ఎంత చక్కగా దిగిందో’’ అని ఆమె పాత కేసుల జాబితా చేతికిచ్చారు. మొదటిది మర్నాడే ఉంది.

ఆ మధ్యాహ్నం ఒక ముసలావిడ జామ్ సీసా పట్టుకుని ఆయన గదికి వచ్చింది.

‘‘సార్, ఈవిడ ఓల్దా. రేపు మొదటి కేసు ఈవిడదేనండి. మొగుడి మీద’’ అన్నాడు యానిక్.

‘‘ఏం కేసు?’’

‘‘గొడుగండి. ఎరువు తీసుకుని తిరిగివ్వలేదని. ముప్పై ఎనిమిదేళ్లయింది. ఆయనకి ఆర్నెల్లే టైమని డాట్రు చెప్పిన సాయంత్రమే కేసు పడేసిందట.’’

‘‘గొడుగు ఎక్కడుంది?’’

‘‘కోర్టులోనే ఉందండి.’’

‘‘తీసుకున్నట్టు ఆయన ఒప్పుకున్నాడా?’’

‘‘ఎప్పుడో ఒప్పీసుకున్నాడండి.’’

‘‘అయితే ఐదు నిమిషాల్లో తేలిపోతుందయ్యా.’’

యానిక్ ఆమెకు చెప్పాడు. ఓల్దా సీసా మూత బిగించింది. అది ముందే బిగుతుగా ఉంది.

‘‘ఐదు నిమిషాలు మరీ తక్కువంటోందండి. పొద్దున్నే టీ పెట్టేది ఇప్పటికీ ఆయనేనట. మరి మీ ఆవిడ మీద మీరేం కేసు వేశారని అడుగుతోంది.’’

‘‘ఏమీ వెయ్యలేదు. మా మధ్య తగువుల్లేవు. ఆవిడ పోయింది.’’

‘‘ఒక్క గిన్నె గురించైనా గొడవపడకపోయారా అంటోందండి. తిట్టడం కాదు సార్, బాధపడుతోంది.’’

కోదండపాణి గారు కళ్లజోడు తుడుచుకున్నారు. తమ దేశంలో కేసుండగానే మనుషులు పోతారని, వారసుల్ని చేర్చుకుంటామని, ఒక పెద్దాయన పందొమ్మిదేళ్లు తన కోర్టుకు వచ్చి ఒక వాయిదాకు రాకపోతే ‘పిలిచాం, హాజరు లేదు’ అని రాసి కేసు కొట్టేశానని, పోయాడని తర్వాత తెలిసిందని చెప్పారు.

ఓల్దా నమ్మలేదు. యానిక్‌తో రెండుసార్లు చెప్పించుకుంది.

‘‘అలాగైతే తీర్పు ఎవరు వింటారని అడుగుతోందండి.’’

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ఆమె సీసా బల్ల మీద పెట్టి వెళ్లింది.

మర్నాడు కోర్టులో ఆమె భర్త బెరిక్ చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. ఓల్దా అతని కోటు గుండీలు పెడుతోంది. సలహాదారు అభిప్రాయం అడిగాడు జడ్జి. కోదండపాణి గారు లేచారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో వకీళ్లు తన ముందు వాయిదా కోసం వేసిన ప్రతి ఎత్తూ ఆయనకు గుర్తుంది. వాటన్నిటికీ ఆనాడు చిరాకుపడ్డారు.

గొడుగు ఎరువిచ్చిన నాటి స్థితిలోనే ఉందో లేదో తేల్చకుండా తీర్పు చెల్లదన్నారు. అందుకు కోర్టు తరఫున చూసొచ్చే కమిషనర్‌ని వెయ్యాలన్నారు. కమిషనర్ దాన్ని వానలో పరీక్షించాలి, కుళాయి నీళ్లు సాక్ష్యానికి పనికిరావు. నివేదిక మీద అభ్యంతరాలు, వాటి మీద నిపుణుడు, నిపుణుడి మీద మళ్లీ అభ్యంతరాలు ఉండనే ఉంటాయి. జడ్జి కలం పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. ఆ దేశంలో వానలు అక్టోబరులో. కేసు నవంబరుకు పోయింది.

వారం తిరక్కుండా న్యాయవాదుల సంఘం ఆయన్ను వాయిదాల మీద పన్నెండు వారాల శిక్షణ ఇమ్మని కోరింది. హెల్గా గారు ఒక పూట ఆలోచించి, దానికి సామర్థ్యాల పెంపు అని పేరుపెట్టి, గ్రాఫును తలకిందులుగా తగిలించారు. గీత మళ్లీ అనుకున్న వైపే పోసాగింది. శిక్షణ ముగిసినవాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చారు. నలభై ఒక్కమంది గురించి ఎవరూ అడగలేదు. ఆయనొక్కరే వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని బల్లసొరుగులో ఉంచారు.

జూన్‌లో ఆయనకే సమను వచ్చింది. వాది ఓల్దా. జామ్ సీసా తీసుకుని తిరిగివ్వలేదని ఫిర్యాదు.

‘‘ఇప్పుడు నేనేం చెయ్యాలయ్యా?’’

‘‘ఏటీ చెయ్యకండి సార్. సీసా మాత్రం ఇచ్చీకండి.’’

అదే రోజు అనకాపల్లి నుంచి పాత గుమాస్తా ఉత్తరం కూడా వచ్చింది. 1984లో ఆయన మొట్టమొదట వాయిదా వేసిన కేసు ఇంకా నడుస్తోందట. ఇరుపక్షాల వాళ్లూ పోయారు, వకీళ్లూ పోయారు. కేసుకు మాత్రం ఏ లోటూ లేదని, మొన్ననే మళ్లీ పిలిచారని రాశాడు.

కోదండపాణి గారు జవాబుకు గడువు కోరుతూ అర్జీ రాశారు. సీసా కడిగి, తుడిచి, అలమరలో ఊరగాయ జాడీ వెనక పెట్టారు. అలమర తలుపు వేసి, వంటగదిలో దీపం ఆర్పి, ఆ తలుపు కూడా రాత్రికి చప్పుడు కాకుండా దగ్గరగా వేశారు.