పాస్ అనే క్రియకు నామవాచకం

ఆ ఉదయం స్టోర్‌కీపర్ వేసుకున్న ప్లాను చిన్నదే. ఫ్యాక్టరీకి సెలవు పెట్టాలి, భార్యకు చేతిగడియారం కొనాలి, సాయంత్రం దగ్గరివాళ్లను నలుగురిని పిలవాలి. ఆమె పదో తరగతి ఇంగ్లిషు పరీక్ష పాసయింది. పెళ్లితో ఆగిపోయిన చదువు అది. కూతుర్ని అత్తారింటికి పంపాక మళ్లీ మొదలుపెట్టింది. రెండుసార్లు తప్పినా పుస్తకం మూయలేదు.

సెలవు మెసేజ్ ఇంగ్లిషులోనే ఉండాలన్నది పైపుల ఫ్యాక్టరీ మేనేజరు నియమం. స్టోర్‌కీపర్ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"పాస్ అనే క్రియని నామవాచకం చెయ్యాలంటే ఎలాగే?"

"అరైవ్‌కి అరైవల్, మూవ్‌కి మూవ్‌మెంట్. ఏదీ అతక్కపోతే చివర ఇంగ్ తగిలించెయ్యండి," అంది ఆమె గిన్నె తోముతూ.

అతను తగిలించాడు. తన భార్య పాసింగ్ కారణంగా సెలవు ఇప్పించమని కోరాడు. ఇంగ్లిషులో ఆ మాటకు కన్నుమూయడమనే అర్థం కూడా ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మేనేజరుకు తెలుసు. వెంటనే ఫోను చేశాడు.

"ఎంత పని జరిగిందయ్యా! ఉన్నట్టుండి..."

"ఉన్నట్టుండేం కాదు సార్. ఇంతకుముందు రెండుసార్లు తప్పింది. ఈసారి అయిపోయింది."

"చివర్లో బాగా బాధపడిందా?"

"చాలా కష్టపడింది సార్. రాత్రుళ్లు నిద్రే లేదు. నేను పక్కనే కూర్చునేవాణ్ణి."

"మరి కార్యక్రమం?"

"సాయంత్రమే సార్. మీరొస్తే ఆవిడకెంతో గౌరవం."

మేనేజరు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఫ్యాక్టరీలో మిషన్లు కాసేపు ఆగాయి.

సాయంత్రం వ్యాను నిండా జనం దిగారు. ముందు పూలచక్రం, వెనక దించిన తలలు. స్టోరులో ఒక వాల్వు కనపడలేదని నెలరోజులుగా పోట్లాడుతున్న అకౌంటెంటు గేటు దగ్గరే స్టోర్‌కీపర్‌ను కావలించుకుని ఏడ్చేశాడు.

"ఆ వాల్వు సంగతి ఇక మర్చిపో అన్నయ్యా."

పదో తరగతికి ఇంత విలువుందని అప్పుడే తెలిసి స్టోర్‌కీపర్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. అంతలో అతని భార్య మంచినీళ్ల ట్రేతో గుమ్మంలోకి వచ్చింది. అకౌంటెంటు చెప్పుల స్టాండు మీద కూలబడ్డాడు.

"ఈవిడ..." అన్నాడు మేనేజరు.

"మా ఆవిడే సార్. పాసయింది ఈవిడే."

ఎవరూ నవ్వలేదు. మేనేజరు ఆ మాటకున్న రెండో అర్థం మెల్లగా వివరించాడు. భర్త తల ఎత్తలేకపోయాడు.

"ఆయన్నేమనకండి. ఇంగ్ తగిలించమన్నది నేనే," అంది ఆమె. పూలచక్రం అందుకుని దాని మీది అట్టముక్క చదివింది. "పెళ్లయ్యాక నా పేరు ఇంత పెద్ద అక్షరాల్లో ఎవరూ రాయలేదండీ. దీన్ని నేనుంచుకోనా?"

అందరూ కూర్చున్నారు. స్టోర్‌కీపర్ చేతులు నలుపుకున్నాడు. "సార్, ఈ ఒక్కరోజు సెలవు..."

"ఒక్కరోజు కాదు. భార్య పోతే కంపెనీ వారం ఇస్తుంది. కంప్యూటర్లో ఎక్కించేశాం, వెనక్కి తియ్యడానికి లేదు." మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "కాకపోతే ఆ సెలవు సర్వీసు మొత్తానికి ఒక్కసారే."

"అయితే ఈయన రిటైరయ్యేదాకా నాకు పోయే వీల్లేదన్నమాట," అని ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.