మెట్టనేల మీద నౌకాయుద్ధం

యావన్మంది ప్రజలకూ తెలియజేయడమేమనగా, 1943వ సంవత్సరం మహాశివరాత్రినాడు, రొంపిచెర్లకి పడమరగా ఉన్న మా ఊరి పశువుల బీట్లో రెండు యుద్ధనౌకలు భీకరంగా పోరాడి రెండూ నాశనమైనాయి. ప్రాణనష్టం లేదు. బుద్ధినష్టం కూడా లేదు; ఆ సరుకు ఎవరూ యుద్ధరంగానికి తీసుకురాలేదు.

మా ఊళ్ళో సముద్రం చూసినవాడు లేడు. ఆ మాటకొస్తే నిండుగా నీళ్ళు చూసినవాళ్ళే తక్కువ. ఎక్కడ తవ్వినా రెండు నిలువులు దిగేసరికి బండ పలకరిస్తుంది. ఎండ ముదిరితే వాగు ఇసకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకోవాలి. పెద్దలు ఇది మంచి సదుపాయమనే అంటారు. తోడేది ఆడవాళ్ళు గదా.

తూర్పు బజారుకి అప్పారావుగారు, పడమటి బజారుకి సుందరరావుగారు నాయకులు. బావాబావమరుదులు, అందుచేత బద్ధశత్రువులు. ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది ఒక్క బావి. సగం తవ్వి బండ దగ్గర ఆగిన బావిని శివరాత్రి వెళ్ళగానే మందు పెట్టి పేల్చాలనీ, నీళ్ళు పడితే, ఊరవతల ఉంచిన అంటరాని పాలెం వాళ్ళకి విడిగా ఒక గిలక ఇవ్వాలనీ అనుకున్నారు. యుద్ధకాలంలో పేలుడు మందు దొరకడం మాటలు కాదు. తాలూకా కచేరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే ఒక్క పెట్టె మంజూరైంది. ఇంకోటి కావాలంటే యుద్ధం ముగిశాక రమ్మన్నారు. ఆ పెట్టెని కరణంగారింట్లో పెట్టి, ఒకరి మీద ఒకరికున్న అపారమైన నమ్మకంతో రెండు తాళాలు వేసి, చెరొక చెవీ మొలకి కట్టుకున్నారు.

ఆ గిలక మీద అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది పాలెంలో మణెమ్మ. కోడలు దయామణికి నెలలు నిండాయి. "పుట్టే బిడ్డకి తొలి తానం బావినీళ్ళతో పోయాల," అని కనబడ్డవాళ్ళకల్లా చెప్పేది.

ఇంతలో నరసరావుపేట డేరా సినిమాలో నౌకాయుద్ధం బొమ్మ పడింది. రెండు బజార్ల బళ్ళూ బయలుదేరాయి. బొమ్మ ఇంగ్లీషుది. తెర పక్కన నిలబడి కథ చెప్పే గురునాథానికి వచ్చిన ఇంగ్లీషు 'యస్సు' దాకా. ఏ ఓడ ఎవరిదో ఆయనకే తెలియదు. తెలియదని చెబితే మర్యాద కాదు గనక, "ఎడం పక్కది తూర్పు బజారు వారి ఓడ! కుడి పక్కది పడమటి బజారు వారి ఓడ!" అని ముందు వరసలో ఉన్న పెద్దమనుషులకే పంచిపెట్టాడు.

ఎడం పక్క ఓడ మునిగిపోయింది.

"ఏం బావా, ఈతొచ్చా?" అన్నారు సుందరరావుగారు.

మర్నాడు అప్పారావుగారు మళ్ళీ వెళ్ళారు. ఓడ మళ్ళీ మునిగింది. గురునాథాన్ని పిలిపించి, "ఒరేయ్, రేపు గనక మా ఓడ మునిగిందో, నీ డేరా లేచిపోద్ది," అన్నారు.

"అయ్యగారూ, అది రీలండీ. నా చేతుల్లో ఏముందండీ?"

"నీ నోట్లో ఉందిగా!"

మూడోనాడు ఓడలు పేర్లు మార్చుకున్నాయి. ఈసారి సుందరరావుగారు మునిగారు. పల్నాటి పౌరుషం నీళ్ళపాలు కావడం ఆయన సహించలేకపోయారు. ఏటా శివరాత్రికి వెదుళ్ళతో, రంగుగుడ్డలతో కోటప్పకొండకి కట్టే ప్రభని ఈ ఏడు యుద్ధనౌకగా కట్టించాలని ఆజ్ఞాపించారు. ఆ కబురు తూర్పు బజారుకి చేరేసరికి అక్కడ అప్పటికే వెదుళ్ళు కొడుతున్నారు.

ఆకాశమంత ఎత్తు నిలబెట్టాల్సిన ప్రభని బండి మీద పొడుగ్గా పడుకోబెట్టారు. పొగగొట్టంలో పచ్చిగడ్డి రాజేశారు. శివుడి ప్రభ ఇట్లా కట్టొచ్చునా అని పూజారినడిగితే, నెత్తిన గంగ ఉన్న దేవుడికి ఓడతో ఇబ్బందేమీ ఉండదని శాస్త్రం సెలవిచ్చింది. అప్పారావుగారు టపా బంట్రోతు టోపీ పెట్టారు. సుందరరావుగారు వెదురు గొట్టంలోంచి శత్రువుని పరిశీలిస్తూ ఉపన్యసించారు:

"మహాజనులారా! మన రక్తంలో ఉప్పుంది. సముద్రంలోనూ ఉప్పే ఉంది. కాబట్టి సముద్రం మనది!"

చప్పట్లు మిన్నంటాయి.

ఫిరంగులు కూడా కట్టారు. వాటికి మందు కావాలి. ఊరి చరిత్రలో తొలిసారిగా ఇద్దరు నాయకులూ పక్కపక్కన నడిచి కరణంగారింటికి వెళ్ళి, రెండు తాళాలూ తీసి, పెట్టెని న్యాయంగా చెరిసగం పంచుకున్నారు. అంతటి ఐకమత్యం చూసి కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

మణెమ్మ పరుగున వచ్చింది. "అయ్యా, అది బావి మందు గదయ్యా!"

"ఏందే మణెమ్మా, పరువు పోతంటే బావంటావేందే?" అన్నారు అప్పారావుగారు.

"పరువు తాగితే దప్పిక తీరుద్దా అయ్యా?"

"చానా నేర్చావే! వాగెక్కడికీ పోలేదు, పో," అన్నారు సుందరరావుగారు. ఈ విషయంలోనూ బావగారితో ఆయనకి పూర్తి ఏకీభావం.

శివరాత్రి పొద్దున నౌకలు బీట్లో ఎదురెదురుగా నిలిచాయి. ఫిరంగులు రెండూ ఒక్కసారే పేలాయి. గుండ్లు ఎటూ పోలేదు, పేలింది ఫిరంగులే. ఎడ్లు బెదిరి, నౌకల్ని ఈడ్చుకుంటూ పోయి ఒకదానికొకటి గుద్దాయి. పగ్గాలు కోసి ఎడ్లని తప్పించారు. ఈలోగా పొగగొట్టాల నిప్పు గుడ్డకంటుకుంది. కెప్టెన్లిద్దరూ కిందికి దూకి, "నీళ్ళు! నీళ్ళు!" అని అరిచారు.

బీడంతటికీ నీళ్ళున్నది ఒక్క మణెమ్మ కడవలో. దయామణికి తెల్లారగట్ల నొప్పులు మొదలైతే, చెలమ దగ్గర కూర్చుని నింపుకుని, ఆ దారినే పోతోంది.

"ఇటు తేవే!" అన్నారు అప్పారావుగారు.

"ఆగు బావా! పాలెం నీళ్ళు ప్రభ మీద పడితే మైల గదా?" అన్నారు సుందరరావుగారు.

ఇది ఆలోచించవలసిన విషయమే. పూజారిని పిలిచారు. మంటలార్పేందుకైతే దోషం లేదని ఒక పక్షం, ఆర్పినాక మిగిలిన ప్రభకి దోషమని ఇంకో పక్షం వాదించాయి. కాలిపోతున్నా ఆచారం తప్పని జాతి మనది.

"తేల్చుకోండయ్యా. నా మనవడు ఆగడు," అని మణెమ్మ కడవతో వెళ్ళిపోయింది.

వాళ్ళు తేల్చుకునేసరికి బూడిద మిగిలింది. పాలెంలో మనవడు కాదు, మనవరాలు పుట్టింది. చెలమ నీళ్ళతోనే తానం పోశారు.

తరవాత పెద్దలిద్దరూ కలిసి ఒక అర్జీ పెట్టారు. పేలుడు మందు కోసం కాదు, నౌకాయుద్ధం బొమ్మని మా ఊళ్ళోనే ఆడించాలని. గురునాథం డేరాతో సహా దిగాడు. ఊరి నడుమ అనువైన చోటు బావి దగ్గరే కనబడింది. బావి మీద పలకలు పరిచి, వాటి మీద పెద్దమనుషుల కుర్చీలు వేశారు. తెర మీద సముద్రం కనబడగానే ఈలలతో డేరా ఎగిరిపోయింది.

నవ్వుతున్నారా? నవ్వండి. నవ్వడం అయ్యాక ఒకసారి లేచి, మీరు కూర్చున్న కుర్చీ కింద పలక ఎత్తి చూడండి.