కెలెరా చేపల డబ్బాపై ఉపసంఘం విచారణ

ఒక దేశం ఎంత అభివృద్ధి చెందిందో తెలుసుకోవడానికి ఓడరేవులూ వంతెనలూ చూడనక్కర్లేదు. అక్కడి ఉద్యోగి నిన్నటి కూరను ఇవాళ ఎవరి అనుమతితో వేడి చేసుకుంటున్నాడో చూస్తే చాలు. ఆ లెక్కన మా దీవుల రాజధాని సువాలోని మా కాలువ మూతల విభాగం అందరికంటే ముందుంది. (కాలువ మూతల సంగతి అడక్కండి. వాటిని వాన చూసుకుంటోంది.)

మా అంతస్తు మొత్తానికి ఉన్నది ఒకటే మైక్రోవేవ్. మధ్యాహ్నం దాని ముందు వరస మెట్ల దాకా సాగుతుంది. వరసలో మొదట నిలబడేది టైపిస్టు కెలెరా. తెల్లవారకముందే ఊరవతల నౌసోరిలో బస్సెక్కే మనిషి, పొద్దున ఉత్త టీతో సరిపెట్టుకుంటుంది. పగలంతా ఆమె కడుపులోకి వేడిగా వెళ్లేది ఆ డబ్బాలోదే. కొబ్బరిపాలలో ఉడికిన చేప, పక్కన కర్రపెండలం ముక్కలు.

ఒకరోజు ఆ వాసన ఉపసంచాలకులు అపెనిసా గారి గది దాకా వెళ్లింది. ఆయన అప్పుడే విదేశంలో పరిపాలనా శిక్షణ ముగించుకుని వచ్చారు. వాసన బాగోలేదని ఆయన అనలేదు. "ఇది ఏ నిబంధన కింద వస్తోంది?" అని మాత్రం అడిగారు.

సాయంత్రానికల్లా వేడి వ్యవహారాల ఉపసంఘం పుట్టింది. అధ్యక్షులు అపెనిసా గారు. శాస్త్రీయ సభ్యుడు స్టోరు చూసుకునే విలికేసా (అతని దగ్గర సొంత చెంచా ఉంది). కార్యదర్శిని నేను. మైక్రోవేవ్‌లో వేడి చేయడానికి ఏ ఆహారం అనువైనదో, ఏది కాదో తేల్చడం మా పని. తేలేదాకా డబ్బాలన్నీ మా ద్వారానే లోపలికి వెళ్లాలి.

పరీక్షలు కట్టుదిట్టంగా జరిగాయి. రొట్టె కాసేపు మెత్తగా ఉండి, ఆ తర్వాత చెప్పు అట్టగా మారింది. ఉడికించిన గుడ్డు ఫలితాన్ని ఇప్పటికీ పైకప్పు మీద చూడవచ్చు. మాంసం పఫ్ బయట తడిగుడ్డ, లోపల అగ్నిపర్వతం. అధ్యక్షులవారి నాలుక కొన్నాళ్లు సెలవులో ఉంది. కర్రపెండలం ఉత్తగా పెడితే సుద్దముక్క అయింది. నీళ్లు చిలకరించి మూత పెడితే మాత్రం అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు వచ్చింది.

చివరికి కెలెరా డబ్బా వంతు వచ్చింది. పూర్తి వేడి మీద కొబ్బరిపాలు విరిగాయి. మర్నాడు సగం వేడి మీద పెట్టి, మధ్యలో ఒకసారి కలిపి, మళ్లీ పెట్టాం. అపెనిసా గారు కళ్లు మూసుకుని నమిలారు.

"తొందరపడి నిర్ణయానికి రాలేం. రేపు కూడా చూద్దాం," అన్నారు, చెంచా నాకుతూ.

ఇక్కడ మా దేశాచారం ఒకటి చెప్పాలి. తింటున్నవాళ్లు దారిన పోయే ఎవరినైనా, అప్పులవాణ్నయినా సరే, తినడానికి పిలవాలి. పిలుపందుకున్నవాళ్లు కడుపు నిండిందని చెప్పి వెళ్లిపోవాలి. మనసులో మాట ఇద్దరూ చెప్పరు కాబట్టి దేశం ప్రశాంతంగా ఉంది.

కెలెరా తలుపు దగ్గర నిలబడి తన డబ్బా వైపు చూస్తుంటే అపెనిసా గారు ఆచారం తప్పలేదు.

"రామ్మా కెలెరా, తిందువుగాని!"

"కడుపు నిండింది సార్, మీరు కానివ్వండి," అంది కెలెరా.

'నమూనా యజమానికి ఆకలి లేదు' అని నేను రాసుకున్నాను. (అదే సమయంలో ఆమె కడుపు వేరే అభిప్రాయం వెలిబుచ్చింది. రాతపూర్వకంగా ఇవ్వనందున పరిగణించలేదు.)

పరీక్ష రోజూ కొనసాగింది. రోజూ ఆమె కడుపు నిండుతూనే ఉంది.

"అక్కా, రేపు పచ్చిమిర్చి కాస్త ఎక్కువెయ్యి. పరీక్షకి కావాలి," అన్నాడు విలికేసా.

"కొండల్లో పుట్టినోడివి, చేపలు డబ్బాల్లోనే పుడతాయనుకునేవాడివి. నీకిప్పుడు మిర్చి చాల్లేదా?"

"అందుకే కదక్కా నేర్చుకుంటున్నాను!"

ఒక గురువారం అపెనిసా గారు మామూలుగానే పిలిచారు. "రామ్మా, తిందువుగాని!"

"సరే సార్," అంది కెలెరా. కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇలాంటిది ఇదివరకు జరిగినట్టు ఏ దస్త్రంలోనూ లేదు. ఆమె విలికేసా చేతిలోంచి చెంచా తీసుకుంది.

"ఏంటక్కా, నిజంగానే తినేస్తావా?"

"పిలిచింది మీరేగా."

డబ్బా అడుగు కనిపించేదాకా తిన్నది. అపెనిసా గారు గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా, పిలవడం వేరు. రావడం వేరు."

"తెలుసు సార్. అందుకే ఇన్నాళ్లూ రాలేదు."

నిర్ణయం ఆ సాయంత్రమే వెలువడింది. కొబ్బరిపాల చేప మైక్రోవేవ్‌కు అనువైనది కాదు. కారణం: వేడి చేశాక ఉపసంఘానికి మిగలడం లేదు. తదుపరి పరీక్షకు పద్దుల విభాగంలో పనిచేసే షర్మిల తెచ్చే గుమ్మడికాయ కూరను ఎంపిక చేశాం. ఆమె చాలా మర్యాదస్తురాలు.

ఒక్క చిక్కు మిగిలింది. కెలెరా అటుగా వెళ్తే మళ్లీ పిలవాలి.

"పిలవడం మానేద్దాం సార్," అన్నాను.

"మా అమ్మ వింటే నన్ను ఇంట్లోకి రానివ్వదు," అన్నారు అపెనిసా గారు, నిజంగానే భయపడుతూ.

దారి చూపించింది శాస్త్రీయ సభ్యుడే. "మనిషి కనిపిస్తేనే కదా సార్ పిలవాలి?"

మైక్రోవేవ్‌ను స్టోరు గదిలోకి మార్చి, తలుపు మూశాం. మా దీవుల్లో తలుపేసుకుని అన్నం తిన్న మొదటి ప్రభుత్వ బృందం బహుశా మాదే.

మొదటి రోజు గుమ్మడికాయ కూర ముగించి చేతులు తుడుచుకుంటున్నాం. బయట బల్ల మీద ఎవరో కూర్చున్న చప్పుడైంది. డబ్బా మూత తెరుచుకుంది. గడ్డకట్టిన కొబ్బరిపాలను చెంచా గీరుతున్న శబ్దం. మా కుర్చీలు కదలడం ఆమెకీ వినబడి ఉండాలి.

"సార్!" కెలెరా గొంతు తలుపు దాటి వచ్చింది. "రండి సార్, తిందురుగాని!"

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పిలుపుకి జవాబివ్వకపోవడం ఇక్కడ కుదరదు. అపెనిసా గారు మూతి తుడుచుకున్నారు.

"కడుపు నిండిందమ్మా, నువ్వు కానివ్వు!"

ఉపసంఘం ఏర్పడ్డాక మేము చేసిన ప్రకటనల్లో పూర్తిగా నిజమైనది అదొక్కటే. నేను దాన్ని నమోదు చేయలేదు.