ధర్మేందరన్న ఫోన్ హ్యాకైన వైనం

సూర్యాపేట జిల్లా రాజకీయాల్లో పది కాలాలపాటు చెప్పుకోవాల్సిన ఆ ప్రకటన ఏప్రిల్ రెండో సోమవారం పొద్దున పదకొండు గంటలకు వెలువడింది.

"నా ఫోన్ హ్యాకయింది" అన్నారు ధర్మేందరన్న. ఎదురుగా ఉన్న ఆరు మైకులనూ ఒకసారి లెక్కపెట్టుకుని, సరిగా ఎక్కిందో లేదోనని ఇంకోసారి అన్నారు. "నా ఫోన్‌ను హ్యాక్ చేసిన్రు. నా ఫోన్‌ను కాదు, ప్రజాస్వామ్యాన్ని హ్యాక్ చేసిన్రు."

ధర్మేందరన్న తమ పార్టీకి జిల్లా సమన్వయ సహ కన్వీనర్. ఆ పదవిలో ఉన్నవాళ్లు ఏం చేయాలో పార్టీలో ఎవరికీ తెలియదు. అందుకే ఏడేళ్లుగా ఆయన దాన్ని ఏ ఆరోపణా లేకుండా నిర్వహిస్తున్నారు. ఇక నా పేరు మహిపాల్. సూర్యాపేట బస్టాండు ఎదురుగా నాకు మొబైల్ రిపేరు షాపుంది. ఆ ప్రెస్‌మీట్‌లో అన్న పక్కన ఇస్త్రీ చొక్కాతో నిలబడిన 'సాంకేతిక నిపుణుడు' నేనే.

"హ్యాకైందని ఎట్ల గుర్తువట్టిన్రన్నా?" అని ఒక విలేకరి అడిగాడు.

"ఫోన్ కాల్తున్నది."

ఆ రోజు సూర్యాపేటలో నలభై ఒక్క డిగ్రీలు. విలేకరి చేతిలో మైకు కూడా కాలుతోంది. అయినా రాసుకున్నాడు.

"ఎవరి మీద అనుమానం?"

"నన్ను సూసి భయపడే శక్తుల మీద."

"ఎవరన్నా ఆ శక్తులు?"

"గది వాళ్లే బయటికొచ్చి చెప్పాలె. మా నిపుణుడు మూడు రోజుల్ల రిపోర్టిస్తడు."

రిపోర్టు ఇవ్వబోతున్న సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

ఈ ప్రకటన వెనుక అన్న పడిన వేదన పాఠకులు తెలుసుకోవాలి. కోదాడలో కృపాకర్ గారని ఇంకో నాయకుడున్నారు. అదే పార్టీ, అదే స్థాయి, కన్ను కూడా అదే టికెట్ మీద. అంతకు ముందు వారం కృపాకర్ గారి ఫోన్ హ్యాకైంది. టీవీవాళ్లు ఆయన ఫొటో చుట్టూ ఎర్ర గీత గీసి గంటసేపు చూపించారు. పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు స్వయంగా పరామర్శించారు. ఇద్దరు గన్‌మెన్లు వచ్చారు. ఎవరో ఒకరు పనిగట్టుకుని వినాలనుకునేంత మనిషి కృపాకర్ అన్న మాట మూడు నియోజకవర్గాల్లో పాకిపోయింది. ధర్మేందరన్న రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ప్రెస్‌మీట్ అయిన గంటకే కృపాకర్ గారు ఫోన్ చేశారు. అన్న స్పీకర్ పెట్టారు.

"ఏంటి ధర్మేందర్ గారూ, మీక్కూడా అయిందంటగా? పాపం! నాది విదేశాల నుంచి చేశారంటండీ. మీదెక్కడ, లోకలేనా?"

అన్న ఫోన్ పెట్టేసి, నన్ను వెంటబెట్టుకుని నేరుగా నా షాపుకొచ్చారు. షట్టరు సగం దించమన్నారు.

"తమ్మీ, మంచిగ సూడు. ఏ దేశమో తేల్చాలె."

నేను శ్రద్ధగానే చూశాను. బ్యాటరీ ఏ యాప్ ఎంత తింటోందో చూశాను. డేటా ఎక్కడ ఖర్చవుతోందో చూశాను. మనం వేయని యాప్ ఏదైనా ఉందా అని ఒక్కోటీ తెరిచాను. వాట్సాప్ ఇంకో కంప్యూటర్‌లో తెరిచి ఉందేమో, కాల్స్ వేరే నంబర్‌కు మళ్లుతున్నాయేమో కూడా చూశాను. ఫోన్ కుండలో నీళ్లలా చల్లగా ఉంది.

"ఏం లేదన్నా. ఫోన్ సాఫుగున్నది."

"సరిగ సూడు. కాల్స్ ఎటన్న పోతున్నయా?"

"పోతలేవన్నా. అసలు వస్తనే లేవు. పదకొండు రోజుల్ల మూడు కాల్స్. రెండు క్రెడిట్ కార్డోళ్లవి."

అన్న స్టూలు మీద కూర్చున్నారు.

"అంటే... నన్ను ఎవ్వడూ వింటలేడా?"

"ఎవ్వరూ వింటలేరన్నా."

ఇరవై ఏళ్ల రాజకీయ జీవితంలో ఆయనను ఇంతగా కుంగదీసిన మాట ప్రతిపక్షం కూడా అనలేదట. ఆ సంగతి ఆయనే తర్వాత చెప్పారు. నా భుజం మీద చెయ్యేసి, హ్యాకైనట్టు ఒక కాగితం రాసిమ్మన్నారు. రాసిస్తే పోలీసులు అదే ఫోన్‌ను చూస్తారు, ఇద్దరం నవ్వులపాలవుతామని చెప్పాను. ఆయన ఆలోచించారు. లేచి నిలబడ్డారు. కళ్లలో ఒక వెలుగు.

"నువ్వు జెప్పింది కరెక్టే తమ్మీ. అబద్ధం ఆడొద్దు. మూడు దినాలున్నయ్ గదా, నిజం చేద్దాం."

ప్రజలకిచ్చిన మాటను నిజం చేయడానికి ఒక నాయకుడు ఇంతగా శ్రమించడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు నుంచి ఆయన తెలియని నంబర్ ఏదొచ్చినా ఎత్తారు. లాటరీ తగిలిందన్న ప్రతి మెసేజీకి 'ధన్యవాదాలు' అని జవాబిచ్చారు. హైవే పక్క హోటళ్లన్నీ తిరిగి, తాళం లేని వైఫై ఎక్కడుంటే అక్కడ టీ తాగారు. బస్టాండులో ఊరూపేరూ లేని వైరుతో ఛార్జింగ్ పెట్టి, ఎవరైనా వస్తారేమోనని దూరంగా నిలబడి చూశారు. ఎవరూ రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం అదృష్టం తలుపు తట్టినట్టే అయింది. ఖాకీ చొక్కా వేసుకున్న ఒకడు వీడియో కాల్ చేశాడు. "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు. కెమెరా ముందు నుంచి కదలొద్దు."

అన్న ముఖం వెలిగిపోయింది. "ఏం కేసు? రాజకీయ కక్షేనా?"

"మీ పేరు మీద ఒక పార్సిల్..."

"పార్సిల్ సంగతి తర్వాత. ముందు నేను జెప్పేది విను" అని అన్న తన విద్యార్థి సంఘం రోజుల నుంచి మొదలుపెట్టారు. పార్టీలో తనకు జరిగిన అన్యాయాలు సంవత్సరాల వారీగా వివరించారు. నలభై నిమిషాలకు, రెండు వేల పద్నాలుగు దగ్గరికి వచ్చేసరికి అవతలివాడు కాల్ కట్ చేశాడు. అన్న మళ్లీ చేశారు. స్విచాఫ్.

మూడో రోజు పొద్దున మిర్యాలగూడలో ఒక సన్మాన సభకు వెళ్తూ నన్నూ కారెక్కించుకున్నారు. దారిలో వాట్సాప్‌లో ఏదో వచ్చింది. పైన 'పెళ్లి పిలుపు' అని ఉంది. ఎవరి పెళ్లో తెలియదు. పంపిన నంబర్ ఎవరిదో తెలియదు.

"నొక్కకన్నా. అది కార్డు గాదు, యాప్. నొక్కితే ఇంటి తాళం తీసి చేతిల వెట్టినట్టే."

"నాయకుడన్నోడు పెళ్లి పిలుపు కాదంటడా తమ్మీ?" అని నొక్కారు.

మీ మెసేజీలు చదవొచ్చా అని అడిగింది. ఒప్పుకున్నారు. మీ కాంటాక్టులు చూడొచ్చా అని అడిగింది. దానికీ ఒప్పుకున్నారు. "ఎంత మర్యాదగా అడుగుతున్నడో సూడు. మన పార్టీల నన్ను ఒక్కటన్న గిట్ల అడిగిన్రా?"

మిర్యాలగూడ చేరేలోపే ఫోన్ నిజంగా కాలడం మొదలైంది. నిండుగా ఉన్న బ్యాటరీ సభ మొదలయ్యేసరికి పన్నెండు శాతానికొచ్చింది. తెర మీద పేకాట బొమ్మలు వాటంతటవే వచ్చి పోతున్నాయి. నొక్కకుండానే వాట్సాప్ తెరుచుకుంటోంది. అన్న ఆనందం పట్టలేక శాలువా కప్పుతున్న మనిషినే కౌగిలించుకున్నారు. అక్కడికక్కడే విలేకరులను పిలిచి, ఫోన్‌ను ఇత్తడి పళ్లెంలో పెట్టించి అందరికీ ముట్టుకుని చూసే అవకాశమిచ్చారు. ముట్టుకున్న ప్రతివాడూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నేను చెవిలో చెప్పాను. "అన్నా, వెంటనే ఫ్లైట్ మోడ్ల వెట్టు. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చాలె. బ్యాంకుకు, సైబర్ మోసాల నంబర్ పంతొమ్మిది ముప్పైకి చెప్పాలె. ఆ పిలుపు తెరవొద్దని అందరికీ కబురు పంపాలె. ఆఖరికి ఫోన్ మొత్తం తుడిచి మళ్లీ మొదట్నుంచి వెట్టుకోవాలె."

"తుడుసుడా? ఇప్పుడేనా? పైనోళ్లు సూడొద్దా?"

"నీ పేరు మీద ఆ పిలుపు అందరికీ పోతున్నదన్నా. నీ ఫోన్ల నాలుగువేల రెండొందల పన్నెండు నంబర్లున్నయ్."

అన్న గిరుక్కున నా వైపు తిరిగారు. ఇప్పుడైనా భయపడ్డారనుకున్నాను.

"నాలుగువేల మందికా? నా ఫొటోతోనా?"

ఆ నంబర్లలో మార్కెట్ హమాలీలున్నారు, అంగన్‌వాడీ టీచర్లున్నారు, పింఛను తీసుకునే ముసలివాళ్లున్నారు. సగం మందికైనా బ్యాంకు ఖాతా వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది. అన్న దండ సర్దుకుంటుండగా పళ్లెంలోంచి ఫోన్ తీసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బస్సెక్కి సూర్యాపేటలో సైబర్ కేసులు చూసే ఎస్సై జ్యోత్స్న గారి ముందు పెట్టాను. ఆమె నన్ను తిట్టాల్సినంత తిట్టి, అన్న ఖాతా బ్యాంకువాళ్లతో ఆపించి, ముగ్గురు కానిస్టేబుళ్లను నంబర్ల మీద కూర్చోబెట్టారు. రెండు రోజులు వాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు.

శనివారం పొద్దున ఆమె మమ్మల్నిద్దరినీ పిలిచారు. అన్న కెమెరాలతో వచ్చారు.

"సార్, నా సర్వీసులో ఇంత పెద్ద ఎటాక్ చూడలేదు" అన్నారు ఎస్సై గారు. అన్న కాలర్ సర్దుకున్నారు. "ఇంత తక్కువ నష్టం కూడా చూడలేదు. మీ పిలుపు నాలుగువేల రెండొందల పన్నెండు మందికి వెళ్లింది. దాదాపు ఎవరూ తెరవలేదు."

"తెరవలేదా? నా పేరు జూసి గూడనా?"

"పేరు చూసే తెరవలేదు సార్." ఆమె కాగితం చూసి చదివారు. "రోజూ పొద్దున ఐదున్నరకు మీరు శుభోదయం ఫొటో పంపుతారట కదా. పదిహేడు వందల మంది మిమ్మల్ని బ్లాక్ చేశారు. మిగతావాళ్లు మ్యూట్‌లో పెట్టారు."

"మా పార్టోళ్లు?"

"ముందు బ్లాక్ చేసింది వాళ్లే సార్."

అన్న గొంతు తగ్గింది. "మా ఇంట్ల?"

"మేడమ్ బ్లాక్ చేయలేదు సార్. మ్యూట్ మాత్రమే" అని ఎస్సై గారు ఓదార్పుగా అన్నారు.

అన్నను చూస్తే నాకు నిజంగానే జాలేసింది. కానీ నాయకుడు నాయకుడే. అర నిమిషంలో తేరుకుని కెమెరాల వైపు తిరిగారు. "నా జిల్లా ప్రజల చైతన్యం సూసిన్రా? నాలుగువేల మందిల ఒక్కరు గూడ మోసపోలే. ఈ చైతన్యం తెచ్చింది ఎవరు? ఏడేండ్లు ఒక్కొక్కరికీ ట్రైనింగిచ్చింది ఎవరు?"

"ఒక్కరు తెరిచారు సార్" అన్నారు ఎస్సై గారు. "నీలం టిక్కు పడింది. త్రిపురారం మండలంలో పెద్దులు అని ఒక రైతు. ఖాతా ఆపించేశాం, డబ్బు పోలేదు. కానీ ఫోన్‌లో యాప్ ఇంకా ఉంది. ఫోన్ చేస్తే తీసేయనంటున్నాడు. ఎవరైనా వెళ్లి చూడాలి."

అన్న లేచి నిలబడ్డారు. "నా మనిషి! పోదాం పా."

మిర్యాలగూడ దాటి త్రిపురారం వైపు కాలువ వెంట వెళ్లాం. మొదట్లో పొలాలన్నీ కోతకొచ్చి పచ్చగా, పసుపుగా ఉన్నాయి. పోనుపోను పలచబడ్డాయి. పెద్దులు ఇల్లు కాలువ చిట్టచివర. ఇంటి ముందు మూడెకరాలు నెర్రెలిచ్చి ఉంది. అరవై దాటిన మనిషి. మమ్మల్ని చూసి మంచం వాల్చి, అన్నను గుర్తుపట్టి రెండు చేతులూ జోడించాడు.

కెమెరా ఆన్ అయింది. అన్న అతని భుజం మీద చెయ్యేశారు. "పెద్దులూ, నా మెసేజ్ నువ్వొక్కనివే తెరిసినవ్. నామీద గంత అభిమానమా?"

"తెరవకుంటే ఎట్ల సారు? మీరు మొన్నటేడు వానకాలం మీటింగుల చెప్తిరి గదా, అర్జీ వాట్సాప్ల పెట్టుర్రి, జవాబిస్తనని. మా కాలువ తూము షట్టర్ విరిగింది, చివరి పొలాలకు నీళ్లు వస్తలేవని రాయించి పెట్టిన. దినాం సూస్తున్న. మీ శుభోదయాలన్నీ సూసిన సారు, ఒక్కటి గూడ ఇడువలే. ఏ దాంట్లన్న జవాబుంటదేమోనని. మొన్న గిది వచ్చింది. నాకు సదువు రాదు. అడిగినకాడల్లా సరే అని ఒత్తిన. మండల కచేరీల గూడ గట్లనే ఏలిముద్ర ఒత్తుత గదా."

అన్న కెమెరామన్ వైపు చూశారు. "తూము ముచ్చట కట్ జెయ్యి. అభిమానం కాడికి ఉంచు."

నేను మంచం మీద కూర్చుని ఫోన్ తీసుకున్నాను. దస్తీ గుడ్డలో చుట్టి ఉంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను. యాప్ దొరికింది. అదెందుకు ప్రమాదమో, దొంగలు దాంట్లోంచి ఏమేం చూస్తారో నెమ్మదిగా చెప్పాను. పెద్దులు తలూపుతూ విన్నాడు. యాప్‌తోపాటు, మళ్లీ పొరపాటున నొక్కకుండా ఆ మెసేజీనీ తీసేస్తానన్నాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"గది తీసేస్తే సారు పంపిన జవాబు గూడ పోతదా బిడ్డా?"

"పోతది పెద్దయ్యా."

పెద్దులు ఫోన్ మెల్లగా నా చేతిలోంచి తీసుకున్నాడు. దస్తీలో చుట్టుకున్నాడు.

"అయితే ఉండనియ్యి. ఏడాదిన్నరకు వచ్చింది."